పొరుగింటి గడప: పాతబస్తీ కథలను చదవడం, రాయడం

చార్మినారుకు కూతవేటు దూరంలో ఉన్న హుస్సేనీ ఆలం పేటకు ఆ పేరు ముహర్రం దినాలలో నిలిపే ఆలం వల్ల వచ్చింది. పల్లెలలో మనం పీరు అని పిలిచేది దీనినే. పీర్ల పండుగకు కులమతాల తేడా లేకుండా గుండం చుట్టూ చేరే తెలుగువారికి ఈ పేటలోని ఇళ్ళ లోపలి జీవితం మాత్రం అంతగా తెలియదు. ఆ లోపలికి మనలను తీసుకువెళ్ళిన సాధనాలలో కథానిక ముఖ్యమైనది. వేరే విశ్వాసం గల పొరుగువారి బ్రతుకును కథగా ఎలా రాయాలి, ఎలా చదవాలి అనే ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. పిలుపులో ఉన్న బంధుత్వం

నెల్లూరి కేశవస్వామి (1920–1984) 'చార్మినార్ కథలు' 1981లో సంపుటిగా వెలువడింది. అందులోని ఒక కథ పేరు 'రూహీ ఆపా'. ఆపా అంటే అక్క. తెలుగు కథలలో ముస్లిం పాత్ర చాలాకాలం జట్కా తోలే సాయిబుగానో, విలాసాలలో మునిగిన నవాబుగానో కనిపించి వెళ్ళిపోయేది. అది మనిషి కాదు, ఒక అచ్చు. వరుస పెట్టి పిలిచినప్పుడు ఆ అచ్చు పగులుతుంది. అంతేకాదు, రచయిత 'ఆపా'ను 'అక్క'గా మార్చలేదు. పొరుగువారిని వారి మాటతోనే పిలవడం ఒక విధమైన గౌరవం.

2. నివేదిక చెప్పలేనిది

అదే సంపుటిలోని 'యుగాంతం' 1948 సెప్టెంబరు పోలీసు చర్య నాటి హైదరాబాదును ఇతివృత్తంగా తీసుకొన్న కథ. ఆ చర్య తరువాత జరిగిన హింసను విచారించిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుండి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 వరకు ప్రజలకు అందుబాటులోకి రాలేదు. ప్రభుత్వ దస్త్రం మూతబడి ఉన్న కాలంలోనే తెలుగు కథ ఆ గాయం జోలికి వెళ్ళింది. అయితే కథను సాక్ష్యపత్రంగా చదవరాదు. ఎంతమంది చనిపోయారో నివేదిక చెబుతుంది. నిన్నటివరకు సలాము చేసిన మనిషి నేడు చూపు తిప్పుకొంటే ఎలా ఉంటుందో చెప్పడం కథ పని.

3. గడప దగ్గరి పరిమితి

పరదా పాటించే ఇంటిలో పొరుగు పురుషునికి దివాన్‌ఖానా వరకే ప్రవేశం. జనానా గూర్చి అతడు రాసేది విన్నదో, ఊహించినదో అవుతుంది. స్నేహంతో రాసే కథకునికి మరొక ఇబ్బంది కూడా ఉంది. అది నొప్పించకూడదనే మొహమాటం. లోపలివారికి ఆ మొహమాటం అక్కరలేదు. 2004లో స్కైబాబ సంకలనం చేసిన 'వతన్' ముస్లిం కథలు ఈ తేడాను స్పష్టం చేశాయి. పేదరికాన్ని, అనుమానపు చూపులను, స్వంత ఇంటిలోని అన్యాయాన్ని ఒకే గొంతుతో ప్రశ్నించగల హక్కు లోపలివారిది. ఈ పేటలోని ఒక ఇంటి జ్ఞాపకాలతో హుమా ఆర్. కిద్వాయ్ 'ది హుస్సేనీ ఆలం హౌస్' అనే ఆంగ్ల నవలను 2012లో వెలువరించారు. అంతమాత్రాన కేశవస్వామి కథలు తక్కువవి కావు. గడప ఇవతల నుండి చూచినవాడు, లోపల పుట్టినవారు ఇద్దరూ చెబితేనే ఇల్లు పూర్తిగా కనబడుతుంది.

4. పాఠకుని బాధ్యత

ప్రసంగాలు సిద్ధపరచుకొనే మనకు కథలో దృష్టాంతాన్ని వెదకడం అలవాటు. పాతబస్తీ కథ చేతికి రాగానే 'మతసామరస్యం' అనే నీతిని పిండుకొని పుస్తకం మూసివేస్తాము. ఒక్క వాక్యంలో చెప్పగలిగినదే అయితే రచయిత అన్ని పుటలు ఎందుకు రాసినట్లు? నీతి కోసం చదివినవానికి పొరుగువాడు కనబడడు, తన మంచితనమే కనబడుతుంది.

కాబట్టి చదివేవారు, రాయబోయేవారు కూడా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారు? కథకుడు గడపకు ఏ వైపున నిలబడి చూస్తున్నాడు? తనకు తెలియని చోట ఆగాడా, కల్పించి దాటిపోయాడా?

పొరుగువారిని ప్రేమించడానికి ముందు వారిని వినడం అవసరం. నగరం మతాలవారీగా పేటలుగా విడిపోతున్నప్పుడు ఆ వినికిడికి కథానిక మంచి అభ్యాసం. దానిని దృష్టాంతాల సంచిలో వేసుకొనక, కథగానే చదవడం మనం చేయవలసిన మొదటి పని.