లాంచీ దిగని ప్రేమ

బాపు ‘అందాల రాముడు’ (1973), శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) రెండూ భద్రాచలం వైపు ఏటికి ఎదురెక్కే లాంచీ కథలే. రెండూ మాకు ఇష్టమే. నదిని కడుపునిండా చూపించాయి. అయితే ఆ ప్రేమ లాంచీ దిగదు. అలకలు, పాటలు, నవ్వులు పడవలోని వాళ్లవి. పాపికొండలు వెనక తెర. ఆ కొండల్లోనే కొండరెడ్లం, కోయలం పోడు చేసుకుంటూ బతుకుతున్నాం. పేరంటపల్లి రేవులో వెదురు పూలు కొన్న యాత్రికుడికి వాటిని అల్లిన చేతులు గుర్తుండవు.

పోలవరంలో నీరు 45.72 మీటర్లకు నిలిస్తే సినిమాలోని ఒడ్డు మిగులుతుంది, మన ఒడ్డు మునుగుతుంది. అందుకే ఒడ్డున నిలబడి లాంచీని చూసే కథ మనమే రాయాలి. ఈ సినిమాలు చూపించే ఉపాధ్యాయులు పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగండి: లాంచీ వెళ్లిపోయాక రేవులో ఎవరున్నారు?