నామవాచకం తర్వాత ప్రిపొజిషన్: పట్టిక పద్ధతిపై విమర్శ

తెలుగు మాధ్యమ విద్యార్థుల కోసం రాసిన ఆంగ్ల వ్యాకరణ పుస్తకాల్లో తరచూ ఒక పట్టిక కనిపిస్తుంది: ‘కు’ అంటే టు, ‘లో’ అంటే ఇన్, ‘మీద’ అంటే ఆన్, ‘యొక్క’ అంటే ఆఫ్. స్థలాన్ని చెప్పేటప్పుడు ఇది చాలావరకు పనికివస్తుంది. ‘బల్ల మీద’ అంటే ఆన్ ద టేబుల్. చిక్కంతా కొన్ని నామవాచకాల దగ్గర వస్తుంది.

‘సంగీతం మీద ఆసక్తి’ని పట్టిక ప్రకారం ఇంటరెస్ట్ ఆన్ మ్యూజిక్ అని రాస్తే తప్పు. ఇంటరెస్ట్ ఇన్ మ్యూజిక్ అనాలి. అయితే ‘అప్పు మీద వడ్డీ’కి ఇంటరెస్ట్ ఆన్ ద లోన్ అనడమే ఒప్పు. తెలుగులో రెండుచోట్లా ‘మీద’ ఉంది. ఆంగ్లంలో రెండుచోట్లా ఇంటరెస్ట్ ఉంది. ప్రిపొజిషన్‌ను నిర్ణయించింది ఆ నామవాచకం అక్కడ ఇచ్చే అర్థమే.

‘కి’ సంగతీ అంతే. ‘ప్రమాదానికి కారణం’ కాజ్ ఆఫ్ ది యాక్సిడెంట్. ‘ఆలస్యానికి కారణం’ రీజన్ ఫర్ ద డిలే. ‘ఉద్యోగానికి దరఖాస్తు’ అప్లికేషన్ ఫర్ ద పోస్ట్. వీటిలో ఎక్కడా టు రాదు. ‘సమస్యకు పరిష్కారం’ మాత్రం సొల్యూషన్ టు ద ప్రాబ్లమ్. ఇలా అప్పుడప్పుడు సరిపోవడం వల్లనే విద్యార్థి పట్టికను సూత్రమని నమ్ముతాడు. ఆ నమ్మకంతో రాసిన ఉద్యోగ దరఖాస్తులో మొదటి వాక్యమే తప్పవుతుంది.

నామవాచకాన్ని విడిగా కాక, దాని ప్రిపొజిషన్‌తో కలిపి నేర్పడమే సరైన పద్ధతి. మీరు కొత్త మాట రాసుకునేటప్పుడు నిఘంటువులోని ఉదాహరణ వాక్యాన్ని కూడా రాసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ‘ధరల పెరుగుదల’, ‘బియ్యానికి గిరాకీ’ అనే మాటలను ఆంగ్లంలో రాయండి. పట్టిక ఎక్కడ తప్పుదారి పట్టించిందో గుర్తించండి.