ఆలంగాటి పేయి, జయప్రభ పైట

తిరుత్తణి దగ్గరి తిరువాలంగాడు స్థలపురాణంలో శివుడికీ కాళికీ నాట్యంలో పోటీ. కాళి అడుగుకు అడుగు వేసింది. ఆయన కాలు తలమీదికెత్తాడు, అదే ఊర్ధ్వతాండవం. నలుగురిలో అలా కాలెత్తలేక ఆమె ఆగిపోయింది. ఆట రాక కాదు, సిగ్గు అడ్డొచ్చి ఓడిందన్నమాట. ఆ సిగ్గుతో తేల్చుకున్న కవితలు రెండు: ఈ ఊరి మీదే ఆరో శతాబ్ది ప్రాంతంలో శివభక్తురాలైన కవయిత్రి కారైక్కాల్ అమ్మైయార్ తమిళంలో పాడిన పదిగం అనే స్తోత్రగీతం, 1980ల తెలుగులో స్త్రీవాద కవి జయప్రభ రాసిన ‘పైటను తగలెయ్యాలి’.

పదిగం మొదలవడమే ఒక ఆడపేయి, అంటే ఆడదెయ్యం, ఒంటితో. వడలిన రొమ్ములు, ఉబ్బిన నరాలు, గుంటకళ్లు, వీపుకంటిన పొట్ట. నాయికను అంగాంగం వర్ణించే పద్ధతే ఇదీ, కాకపోతే చూసేవాడికి ఏమీ మిగల్చదు. పద్యం తర్వాత పద్యం తిరువాలంగాడు పేరు మీదికే వచ్చి ఆగుతుంది. పదకొండో పద్యంలో కవి తన పేరు చెప్పుకుంటుంది: కారైక్కాల్ పేయి. అందాకా మనం చూస్తున్నది ఎవరినో అనుకుంటాం, చూపిస్తున్నదీ ఆ జాతిదే.

అమ్మైయార్ అందం, మహిమతో వచ్చిన మామిడిపండు, అది చూసి దణ్ణం పెట్టి దూరం జరిగిన మొగుడు, ఇవన్నీ 12వ శతాబ్దిలో శేక్కిళార్ శైవభక్తుల కథల పెరియపురాణంలో చెప్పిన కథ. ఆమె పద్యాల్లో మొగుడి ఊసే లేదు. కథ చెప్పేవాళ్లకి కావలసొచ్చాడు గానీ కవికి అక్కర్లేకపోయాడు.

జయప్రభది వచన కవిత. పల్లవి లేదు, వాదన ఉంది. భుజం మీది పైట, దాని వెనక పాతివ్రత్యం, నిటారుగా నిలబడనివ్వని జంకు, ఒకదాన్నించి ఒకటి లాక్కుంటూ వస్తుంది. నడిచే శవంగా మిగలకూడదంటే ఆ పైటను వదిలించుకోవాల్సిందేనంటుంది. ఇద్దరూ ఎత్తుకున్నది గుండెల దగ్గరే. ఒకామె కోరి దెయ్యమైంది, ఇంకొకామె శవం కానంది.

శీర్షికే తీర్పు చెప్పేయడం వల్ల జయప్రభ ముగింపు కాస్త తేలిపోతుంది. బిగువు పదిగానిదే. అయినా అమ్మైయార్ దారిలో చూపు తప్పించుకోవాలంటే ఒళ్లే వదులుకోవాలి. జయప్రభ ఒళ్లు నాదే, ఉంచుకుంటానంటుంది, దాని మీద ఇతరుల పెత్తనాన్నే కాదంటుంది. హక్కు అనే మాట అతికేది ఇక్కడ. ఈ కవిత మీద రేగిన గొడవ మాత్రం బట్ట చుట్టూనే తిరిగింది. నిటారుగా నిలబడటం గురించి ఆమె అన్నదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.