సెంట్రింగ్ విప్పే విద్య

లినక్స్ కెర్నెల్ మేలుకొనే తొలి క్షణాల్లో చేసే పనుల్లో చాలా భాగం, అంటే పరికరాలను వెతకడం, డ్రైవర్లను సిద్ధం చేయడం, పట్టికలు కట్టడం వంటివి, ఒకసారి జరిగితే యంత్రాన్ని ఆపి మళ్లీ వెలిగించేదాకా అవసరపడవు కనుక, వాటి కోడును మెమరీలోనే అట్టిపెట్టడం శ్లాబు గట్టిపడ్డాక కూడా సెంట్రింగ్ విప్పకుండా దాని కిందే కాపురం పెట్టడంతో సమానం. ఈ విప్పే విద్యలో కెర్నెల్ రచయితలు చూపిన నేర్పు అబ్బురం. ఒక ఫంక్షన్‌కు 'ఇనిట్' అనే గుర్తు తగిలిస్తే చాలు, ఆ కోడు మిగతా వాటితో కలవకుండా వేరే విభాగంలో చేరుతుంది. బూటింగ్ ముగిసి తొలి యూజర్ ప్రోగ్రామ్ మొదలయ్యే ముందు ఆ విభాగమంతా ఖాళీ అయి మామూలు మెమరీలో కలుస్తుంది. ఎన్ని కిలోబైట్లు తిరిగొచ్చాయో తెలిపే ఒక్క పంక్తి లాగ్‌లో మిగులుతుంది. అంతటితో ఆగక, ఖాళీ చేసిన చోటును 'సీసీ' అనే హెక్సాడెసిమల్ బైట్లతో నింపుతారు. ఎక్స్86 ప్రాసెసర్‌కు ఆ బైటు 'ఇక్కడ ఆగు' అనే ఆదేశం కావడం వల్ల, పోయిన కోడును పొరపాటున పిలిచిన డ్రైవర్ అక్కడికక్కడే దొరికిపోతుంది. పొదుపులో ఇంతటి ముందుచూపు మరెక్కడ కనిపిస్తుంది!

ఈ పొదుపు లినక్స్ తొలినాళ్ల నుంచీ ఉన్నదే. 1991 చివర్లో జర్మనీలో 2 మెగాబైట్ల మెమరీతో అవస్థపడుతున్న ఒకరి కోసం లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ మెమరీ పేజీలను డిస్కుకు మళ్లించే ఏర్పాటు రాశారని చెబుతారు. ఆ పొదుపును దీక్షగా మార్చిన ఘనత మాత్రం కెర్నెల్‌ను చిన్న యంత్రాలకు సరిపడేలా చిక్కించే లినక్స్-టైనీ ప్రాజెక్టును 2003లో మొదలుపెట్టిన మ్యాట్ మెకాల్‌ది. చిన్న చిన్న మెమరీ ముక్కలను పంచిపెట్టే 'స్లాబ్' వ్యవస్థకు బదులుగా ఆయన రాసిన 'స్లోబ్' నెమ్మదిదే, అది పంచే మెమరీ కూడా ముక్కలు ముక్కలయ్యేదే. అయినా కొన్ని మెగాబైట్లే ఉన్న యంత్రాలకు అది అన్నం పెట్టింది. నిర్వహణ భారమంటూ 2023లో 6.4 వెర్షన్ నుంచి దాన్ని తొలగించి, 'స్లబ్-టైనీ' అనే ప్రత్యామ్నాయాన్ని చూపారు. అది పనికొచ్చేదే కావచ్చు గానీ, స్లోబ్‌లోని ఆ నిరాడంబరత దానికి రాలేదు.

పెద్ద యంత్రాల్లో కెర్నెల్ మెమరీని తినే తీరు మరో రకం. మెమరీలోని ప్రతి 4 కిలోబైట్ల పేజీకీ కెర్నెల్ బూట్ సమయంలోనే 64 బైట్ల చిట్టా రాసుకుంటుంది కాబట్టి, 64 గిగాబైట్లలో ఒక గిగాబైటు ఆ చిట్టాలకే పోతుంది. 2 మెగాబైట్ల పెద్ద పేజీకి చెందిన 512 చిట్టాలు ఎనిమిది పేజీలు ఆక్రమిస్తుండగా, వాటిలో దాదాపు అన్నీ ఒకే మాట చెబుతున్నాయని గమనించిన ముచున్ సాంగ్, 2021లో 5.14 వెర్షన్‌లో చేరిన మార్పుతో ఆరింటిని వెనక్కి రప్పించారు. తర్వాత అది ఏడుకు పెరిగింది. అన్ని చిరునామాలూ ఒకే పేజీని చూపేలా చేసిన ఆ పనితనానికి ఎంత చెప్పినా తక్కువే.

ఇటువంటి విద్య ఉండగా, కెర్నెల్ ఇమేజ్‌ను గట్టిగా కుదించి 'చిన్నది చేశాం' అని చాటుకోవడం నకిలీ సరుకు అమ్మడమే, ఎందుకంటే కుదింపు డిస్కులోనే సన్నం, విప్పాక మెమరీలో అదే లావు. అవసరమున్నవీ లేనివీ డ్రైవర్లన్నీ ఇనిట్రామ్ఎఫ్ఎస్‌లో, అంటే బూటింగ్ కోసం మెమరీలోకి దించే తాత్కాలిక ఫైళ్ల మూటలో, కుక్కే అలవాటు అంతకన్నా హీనం. మెమరీ చవక అనేవారు కేడంప్‌ను ఒకసారి చూడాలి: ప్రధాన కెర్నెల్ కూలినప్పుడు ముందే పక్కన పెట్టిన కొద్దిపాటి మెమరీలో రెండో కెర్నెల్ లేవాలి; ప్రతి ప్రాసెసర్‌కూ విడిగా చోటు కేటాయించే ఖర్చు తగ్గించడానికే దాన్ని ఒకే ప్రాసెసర్‌తో నడిపిస్తారు. ఆ మెమరీ కూడా చాలక రెండోది మధ్యలో ఊపిరాడక ఆగిపోతే, మొదటిది ఎందుకు కూలిందో చెప్పే డంప్ రాయడానికి ఎవరూ మిగలరు.