వాగుకు మన పేరు

కెనడా ఉత్తరాన గడ్డకట్టిన సముద్రం మీద వేటాడే ఇన్యూట్ జనం కోసం 2019లో వచ్చిన పటాల యాప్ 'సికు'. ఉపగ్రహ చిత్రం మంచు పగులును చూపుతుంది. కాలు మోపితే ఆగుతుందో లేదో వేటగాడే చెప్పాలి. ఆ మాటను సొంత భాషలో పటం మీదే రాసుకోవచ్చు. మాకు నచ్చింది ఇదే. అయితే చలికి బ్యాటరీ అయిపోతే పెద్దల మాటే దిక్కు.

మన దగ్గర సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటంలో ఒక సెంటీమీటరంటే అర కిలోమీటరు. గట్టు ఎత్తు తెలుస్తుంది, తేనెపట్టు తెలియదు. పైనుంచి తీసిన ఫొటోలో ఆకుల కింది ఊట కనబడదు. 2006 అటవీ హక్కుల చట్టం మనకు వేట హక్కు ఇవ్వలేదు. తేనె, గడ్డల మీద హక్కు ఇచ్చింది. వాటి చోట్లు చూపడానికి పటం కావాలి. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా ముందు ఒకటే అడుగుదాం: మన వాగుకు మన పేరు రాయనిస్తుందా?