చిల్లులు పెట్టి కట్టిన పడవలు

ఫ్రాన్స్ పడమటి కొసన, బ్రిటనీ తీరంలో కామరే అని చిన్న రేవు. 17వ శతాబ్దం చివర్లో సైనిక ఇంజినీరు వోబాన్ కట్టించిన ఎర్రటి బురుజు, దాని పక్కన రోకమదూర్ మాత చర్చి అక్కడి ఆకర్షణలు. వాటి దగ్గర్లోనే, ఒడ్డున వదిలేసిన పాత చెక్క పడవలు ఒరిగి ఉంటాయి. వచ్చినవాళ్లు వాటి వెలిసిన రంగుల్ని ఫొటోలు తీసుకుంటారు. నన్ను కట్టిపడేసింది మాత్రం వడ్రంగుల పనితనం.

ఇవి ఎక్కువగా లాబ్‌స్టర్ల వేట పడవలు. కామరే వాళ్లు మొదట్లో కవళ్ల (సార్డీన్ చేపల) మీదే బతికారు. 20వ శతాబ్దం మొదట్లో కవళ్లు మొహం చాటేశాయి. దాంతో లాబ్‌స్టర్ల కోసం దూరతీరాలు పట్టారు, పోనుపోను ఆఫ్రికాలోని మారిటానియా దాకా వెళ్లారు. అంత దూరం నుంచి సరుకును ప్రాణాలతో తేవాలి. చచ్చిన లాబ్‌స్టర్‌కు ధర ఏముంటుంది?

అందుకని పడవ నడుములో ఒక గది కట్టి, దాని పక్క పలకలకు కావాలనే వరసగా చిల్లులు పెట్టారు. సముద్రం నేరుగా లోపలికొస్తుంది. పడవ కదిలేకొద్దీ, ఊగేకొద్దీ నీరు మారుతూ ఉంటుంది. పంపులు అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు.

చెప్పినంత తేలిక కాదిది. పడవను తేల్చే భారమంతా ముందు, వెనక గదులదే. నీటిగదికి అటూ ఇటూ ఉన్న రెండు అడ్డుగోడల్లో ఏది కారినా పడవకు ప్రమాదమే. ఆ గోడ వంపు తిరిగిన పడవ ఒంటికి అతుక్కునే చోట చూడండి: తిన్నటి పలక అంచుని వంపుకు తగ్గట్టు చెక్కాలి, ఆ సందులో తారు పట్టించిన నార కూరి, ఉలితో బిగించాలి. పైగా చిల్లు పలకకే పడాలి, లోపలి ఆనుకర్రకు తగిలిందా, పడవ బలమే పోతుంది. తెలిసి తెలిసి మంచి చెక్కకు చిల్లు పెట్టడానికి చేతిలో ఎంత ధైర్యం ఉండాలో!

తర్వాత లాబ్‌స్టర్లు తగ్గిపోయాయి, దూరపు వేట ముగిసింది. నడుమంతా వాటి కోసమే కట్టిన పడవని ఇంకో వేటకు తిప్పుకోవడం తేలిక కాదు. ఏ పనికైతే అంత కచ్చితంగా కట్టారో ఆ పని పోయాక, వీటిని ఇక్కడే ఒడ్డుకు చేర్చి వదిలేశారు.