గుర్తు ఎక్కడ పెట్టాలి?

వైరస్ కణంలోకి ఎలా చొరబడుతుందో తెలుసుకోవాలంటే, అది పట్టుకునే ప్రొటీన్‌ను, అంటే రిసెప్టర్‌ను, కణం నుంచి వేరుచేసి పరీక్షించాలి. కోవిడ్ వైరస్‌కు ఆ పట్టు ఏసీఈ2. ఇది రక్తపోటు నియంత్రణలో పాలుపంచుకునే ఎంజైము. 2000లో రెండు బృందాలు దీన్ని విడివిడిగా కనుగొన్నప్పుడు వైరస్ ఊసే లేదు. 2003లో, సార్స్ వణికించిన ఏడాదే, అమెరికాలో మైకేల్ ఫర్జాన్ ల్యాబులో వెన్హుయ్ లీ, ఆ వైరస్ కూడా దీన్నే పట్టుకుంటుందని తేల్చారు.

నేను ఇష్టపడి చేసే పని ఈ ప్రొటీన్‌కు బయోటిన్ తగిలించడం. బయోటిన్ చిన్న విటమిన్. స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుందంటే ఇక వదలనట్టే. బయోటిన్ ఉన్న రిసెప్టర్‌ను స్ట్రెప్టావిడిన్ పూసిన ప్లేటుకు అంటించి వైరస్ మీది స్పైక్ ప్రొటీన్‌ను పోయొచ్చు, లేదా కణాల మీది స్పైక్‌కు అది అంటుకుందో లేదో రంగుతో చూడొచ్చు. బతికున్న వైరస్‌తో పని చేయాలంటే మూడో స్థాయి భద్రత ఉన్న గదులు కావాలి. హైదరాబాద్ సీసీఎంబీలో 2020లోనే వైరస్‌ను పెంచగలిగారు గానీ ఆ వసతి ఎన్ని చోట్ల ఉంటుంది? విడి ప్రొటీన్‌తో అయితే మామూలు యూనివర్సిటీ ల్యాబులో కూర్చున్న విద్యార్థి కూడా అదే ప్రశ్న అడగగలడు. ఈ పని మీద నాకు గౌరవం అందుకే.

ఏసీఈ2లో మొత్తం 805 అమైనో ఆమ్లాలు. కణం బయట ఉండేది సుమారు 740వ స్థానం దాకా. ఆ తర్వాతి భాగం కణపు పొరలో దిగబడి నీళ్ళలో కరగనంటుంది. అందుకని బయటి భాగం జన్యువును మాత్రమే హెచ్ఈకే293 అనే మానవ కణాలకు ఇస్తాం. చవకలో బాక్టీరియాతో చేయించొచ్చు కదా అని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతారు. బయటి భాగానికి ఏడు చోట్ల చక్కెర గొలుసులుంటాయి, మామూలుగా వాడే ఈ.కోలైకి అవి అతికించడం రాదు.

ఇక గుర్తు సంగతి. మన పల్లెల్లో తమ గొర్రె మందలో తెలియాలని వీపు మీద రంగు పూస్తారు, కళ్ళకు పూయరు. ప్రొటీన్‌కూ అంతే జాగ్రత్త కావాలి. బయోటిన్ తగిలించే సులువైన రసాయనం, పైకి కనిపించే లైసిన్ అనే అమైనో ఆమ్లాలన్నిటికీ అతుక్కోగలదు. ఏసీఈ2 మీద స్పైక్ వచ్చి ఆనే చోట ముఖ్యమైనవేవంటే 31వ స్థానంలో ఒక లైసిన్, 353వ స్థానంలో మరొకటి. గుర్తు వాటి మీద పడితే మనం చూడాలనుకున్న కలయికనే చెడగొట్టుకున్నట్టు. పైగా ఏ అణువుకు ఎక్కడ పడిందో చెప్పలేం.

అందుకే ప్రొటీన్ కొసన 15 అమైనో ఆమ్లాల తోక ఒకటి చేరుస్తారు, దాని పేరు ‘అవిట్యాగ్’. బిర్ఏ అనే బాక్టీరియా ఎంజైము ఆ తోకలోని ఒకే ఒక లైసిన్‌కు బయోటిన్ పెడుతుంది, మిగతావాటి జోలికి పోదు. ఖర్చు ఎక్కువే, అయినా నా ఓటు దీనికే. ఆ పైన కూడా, గుర్తు పెట్టకముందు ఉన్న పట్టు పెట్టాక అలాగే ఉందా అని పక్కపక్కన పెట్టి కొలవనిదే నాకు మనసొప్పదు.

కొలతలో వచ్చే అంకె ప్రొటీన్ ఏ రూపంలో ఉందో దాన్ని బట్టి మారుతుంది. 2020 మొదట్లో టెక్సాస్‌లో జేసన్ మెక్‌లెల్లన్ బృందం కొలిచినప్పుడు పూర్తి స్పైక్‌తో ఏసీఈ2 పట్టు సుమారు 15 నానోమోలార్, స్పైక్ ముక్కతో సుమారు 35 (అంకె ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిది). రిసెప్టర్‌కు యాంటీబాడీ తోక తగిలిస్తే అది జంటగా మారి, ఉన్నదానికన్నా గట్టిగా పట్టినట్టు కనిపిస్తుంది. వైల్ మీద బయోటిన్ ఉందని మాత్రం రాసి, ఎక్కడ ఉందో, ఒంటిదో జంటదో రాయకపోవడం నా దృష్టిలో వాడేవాళ్ళకు అన్యాయం.

అన్ని రిసెప్టర్లూ ఇలా కోతకు లొంగవు. హెపటైటిస్ బి వైరస్ పట్టుకునే ఎన్‌టీసీపీ, పొరలోంచి అటూ ఇటూ పలుమార్లు దూరి ఉంటుంది. విడదీసి తీసుకునేంత బయటి భాగం దానికి లేదు. 2012లో దాన్ని కనిపెట్టింది కూడా వెన్హుయ్ లీ బృందమే, ఈసారి బీజింగ్‌లో. రిసెప్టర్ ఏదో తెలియని స్థితి కాబట్టి వాళ్ళు వైరస్ ప్రొటీన్‌లోని చిన్న ముక్కకు బయోటిన్ పెట్టి, కాలేయ కణాల మీద అది దేనికి అంటుకుంటుందో బయటికి లాగారు. ఆ ముక్క మొదటి కొస వైపు ఉన్న భాగమే కణాన్ని పట్టుకుంటుంది. బయోటిన్‌ను వాళ్ళు రెండో కొసకు పెట్టారు.